పదకొండు చెక్కగుడ్లు

నాకు నోరెక్కువని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. బట్టలు కుట్టేదానికి కత్తెర ఎంత అవసరమో నోరూ అంతే అవసరం. లేకపోతే ప్రతివాళ్ళూ తమవే ముందు కుట్టమని నెత్తికెక్కి కూర్చుంటారు. కాబట్టి నోటి గురించి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గల్లా ఆ నోటితో చెప్పిన ఒక్క అబద్ధం గురించే. అదీ మా అత్తయ్యకి చెప్పాను. అదీ కోళ్ళ విషయంలో.

మా ఇంటి వెనక పన్నెండు పెట్టలూ ఒక పుంజూ ఉన్నాయి. నాలుగు వీధుల అవతలనుంచి కూడా జనం మా అత్తయ్యని వెతుక్కుంటూ వస్తారు. "పెద్దమ్మగారూ, మా కోడి గుడ్డు మానేసింది" అంటే ఆవిడ కోడి మొహం కూడా చూసేది కాదు. ముందు గూట్లో రెట్ట చూసేది, తరవాత నీళ్ళ తొట్టి వాసన చూసేది, ఆఖరికి కోడి దగ్గరికొచ్చేది. "ఒకేసారి రెండు మార్చకండమ్మా. మేత మారిస్తే చోటు మార్చకండి. ఏది పనిచేసిందో మీకూ తెలీదు, దానికీ తెలీదు" అనేది. కొత్త పెట్టని తెస్తే వారం రోజులు తడిక అవతల ఉంచమనేది. తడికలోంచి చూసుకుని చూసుకుని సగం పోట్లాట కళ్ళతోనే అయిపోతుందట. గూటికి గాలి నెత్తిమీదనుంచి పోవాలి గానీ కాళ్ళకి కొట్టకూడదు. పొదిగే పెట్టకి నీళ్ళు పక్కనే పెట్టకూడదు, నాలుగడుగుల దూరంలో పెట్టాలి. లేచి నడిస్తేనే దాని ఒంట్లో బలం దానికుంటుంది.

ఇవన్నీ నేను ఇరవయ్యారేళ్ళు విన్నాను. ఇరవయ్యారేళ్ళూ నీళ్ళు మోశాను, గూడు గీకాను, బూడిద జల్లాను. పొదగేసే పని మాత్రం ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు. అడిగినప్పుడల్లా "నీకు ఓపిక లేదమ్మాయ్" అనేది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది. మండటం చూసి "చూశావా, నేను చెప్పలా" అనేది.

ఈ ఏడు ఆవిడ మోకాళ్ళు మొండికేశాయి. కింద కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు కావాలి. ఒకరోజు తనే నన్ను పిలిచి, వారం రోజులనుంచి ఏరి పెట్టుకున్న పదకొండు గుడ్లు చేతికిచ్చింది. మరీ పెద్దవి కావు, మరీ కోసుగా ఉన్నవి కావు, ఒక్కదానికీ మరక లేదు.

"ఈ విడత నువ్వు పెట్టు. పిల్లల్ని దింపావంటే గూడు నీది. ఇంక నేను అడ్డు రాను" అంది.

ఆ పూట నేను నేలమీద నడవలేదంటే నమ్మండి.

పొదగడానికి కూర్చుంటానన్న పెట్ట ఇనస్పెక్టరమ్మ. బూడిదరంగు ఒళ్ళు, మెడ నిక్కించి ప్రతి తొట్టీ తనిఖీ చేసుకుంటూ తిరుగుతుందని మా ఆయన పెట్టిన పేరు. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, పెట్ట మూలుగుతూ గంపలో కూర్చోగానే మంచి గుడ్లు పెట్టెయ్యం. ముందు మూడు రోజులు చెక్కగుడ్లు పెడతాం. మూడు రోజులూ నిక్కచ్చిగా కూర్చుంటే దానికి నిజంగానే పొదగాలని ఉన్నట్టు. రెండో రోజే షికారు కొట్టిందంటే గుడ్లు దండగ కాకుండా బయటపడ్డట్టు.

ఆ పదకొండు చెక్కగుడ్లూ మా ఆయన చేసినవి. ఆయన వడ్రంగి. చక్రం మీద తిప్పి, గరుకు కాగితంతో రుద్ది, మధ్యలో తొలిచి బరువుకి ఇసక నింపి, పైన లేత గోధుమరంగు వేశాడు. చేతిలోకి తీసుకున్నా తేడా తెలీదు. తలుపులూ కిటికీలూ ఎన్ని చేశాడో గానీ, ఆ గుడ్లు చూసి గర్వపడ్డంత దేనికీ గర్వపడలేదు.

ఇనస్పెక్టరమ్మ మూడు రోజులూ కదలకుండా కూర్చుంది. నాలుగో రోజు పొద్దున మేతకని లేచింది. పొదిగే పెట్ట రోజుకొక్కసారి లేస్తుంది. గింజ తిని, నీళ్ళు తాగి, బూడిదలో పొర్లి, పావుగంటలో తిరిగొస్తుంది. ఆ పావుగంటే నాకున్న సమయం. గంపలోంచి చెక్కగుడ్లు తీసి ఒక గిన్నెలో పెట్టాను. మంచి గుడ్ల గిన్నె పక్కనే ఉంది. సరిగ్గా అప్పుడే వీధి వైపునుంచి నర్సమ్మ కేక. ఆవిడ డ్యూటీ డ్రెస్సు చంకల దగ్గర పట్టేసిందట, కొలత తప్పు తీశానట.

"నా టేపు అబద్ధం చెప్పదు నర్సమ్మా! రెండు నెలల్లో నువ్వు ఒళ్ళు చేస్తే ఆ తప్పు నాదా?" అంటూ వెళ్ళాను.

వెళ్ళినదాన్ని ఊరికే ఉంటానా? కొలతల పుస్తకం తీశాను, టేపు తీశాను, ఆవిడ నడుము చుట్టూ తిప్పి అంకె గట్టిగా చదివాను. ఆవిడ మొహం ముడుచుకుని వెళ్ళిపోయాక గానీ పెట్ట సంగతి గుర్తుకురాలేదు. పరుగున వచ్చేసరికి ఇనస్పెక్టరమ్మ ఖాళీ గంప ముందు నిలబడి గొణుగుతోంది. నర్సమ్మ మీద కోపం ఇంకా దిగలేదు. చేతికందిన గిన్నెలోంచి పదకొండూ గంపలోకి సర్దాను. రెండో గిన్నె అక్కడే గూట్లో పెట్టి వచ్చేశాను.

మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇరవై రోజులు పట్టింది.

పొదగేసిన గుడ్లని ఏడో రోజు వెలుతురుకి అడ్డంపెట్టి చూడాలి. ఇది మా అత్తయ్య అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. "ఏడో రోజు, ఏడో రోజు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. టార్చిలైటు ముందు గుడ్డు పట్టుకుంటే, ప్రాణం పోసుకున్నదాన్లో సన్నటి ఎర్రదారాలు కనిపిస్తాయి. ఏమీ లేనిది బల్బులా ఖాళీగా వెలుగుతుంది. దాన్ని తీసెయ్యాలి.

ఆ ఏడో రోజున నా మిషను పక్కన నలభై స్కూలు యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. రేపు కావాలి, ఎల్లుండి కావాలి అని ఒకరి వెనక ఒకరు వచ్చి తల తింటున్నారు. సాయంత్రం అత్తయ్య వరండాలో కూర్చునే అడిగింది.

"అమ్మాయ్, గుడ్లు చూశావా?"

"చూశానత్తయ్యా."

"ఎలా ఉన్నాయి?"

"పదకొండింటిలోనూ ఎర్రదారాలే" అన్నాను, మిషను ఆపకుండానే.

మర్నాడు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు ఇంకో ఇరవై యూనిఫారాలు వచ్చాయి. అంతలోనే ఆవిడ వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేసింది. "మా కోడలి చెయ్యి మంచిది. పదకొండుకి పదకొండూ నిండాయి. నాకెప్పుడూ అలా రాలేదు" అని. కూరలమ్మే ఆవిడ నా గుమ్మంలో ఆగి మరీ మెచ్చుకుంది. నేను సూది నోట్లో పెట్టుకుని తలూపాను. ఇక ఆ తరవాత చూడాలన్నా భయమేసింది. చూస్తే ఏదో ఒకటి ఖాళీది బయటపడుతుంది, పడితే చెప్పాలి కదా.

ఇరవయ్యో రోజు వచ్చింది. మర్నాడు పిల్లలు దిగాలి. ఆ రోజు గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్కుటిక్కుమని చప్పుడవుతుందని అత్తయ్య చెప్పేది. ఇనస్పెక్టరమ్మ మేతకి లేవగానే ఆత్రంగా ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకున్నాను. చప్పుడు లేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే. మూడోది వెలుతురులో తిప్పి చూస్తే, కోడి పొట్ట రాపిడికి ఒక పక్క రంగు పోయి, కింద చెక్క చారలు కనిపించాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కొక్కటే తీసి చూశాను. పదకొండూ చెక్కవే.

అప్పుడు ఇనస్పెక్టరమ్మ బూడిద దులుపుకుని వచ్చింది. నన్నొక చూపు చూసి, గంపలోకి ఎక్కి, ఆ చెక్కముక్కల్ని ముక్కుతో ఒక్కొక్కటిగా తనకిందికి లాక్కుని సర్దుకుంది. రెండు రెక్కలూ కొంచెం పైకెత్తి, ఏ ఒక్కటీ బయట ఉండకుండా కూర్చుంది. దాని రొమ్ము కింద చెయ్యి పెడితే ఎముక తగిలింది. ఇరవై రోజులు తిండి సగం చేసుకుని, కదలకుండా కూర్చుంది పిచ్చిది. నాకు ఏడుపొచ్చింది. దానిమీద జాలితో కొంత, నామీద కోపంతో కొంత.

మా ఆయన పనిలోంచి రాగానే చెక్కగుడ్డు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది, "రంగు పోయింది గానీ ఎక్కడా పగుల్లేదు చూశావా?" అన్నాడు.

"ఏమండీ, నా కొంప మునిగిందని చెబుతుంటే పగుల్లేదంటారేమిటండీ!"

అప్పటికి విషయం ఆయన బుర్రకెక్కింది. ఎక్కీ ఎక్కగానే నవ్వు మొదలైంది. "ఇరవై రోజులు కోడి నమ్మింది. నువ్వూ నమ్మావు" అంటూ గోడ పట్టుకుని నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు. తరవాత మెల్లగా ఇంకో సంగతి చెప్పాడు. ఆ నాలుగో రోజు సాయంత్రం గూట్లో గిన్నె కనిపిస్తే, ఆ రోజు పెట్టిన గుడ్లనుకుని వంటింట్లో పెట్టాడట.

నాకు గుర్తొచ్చింది. రెండు పూటలు ఇంటిల్లిపాదీ ఆమ్లెట్లు తిన్నాం. "ఈ గుడ్లు భలే రుచిగా ఉన్నాయమ్మాయ్" అని అత్తయ్య ఇంకోటి వేయించుకుంది.

"చెక్కగుడ్లు ఏవీ అని అడుగుదామనుకున్నాను. నువ్వు మిషను మీద చిరాగ్గా ఉన్నావు. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నా" అన్నాడు.

నేను చెక్కగుడ్డు ఆయన చేతిలోంచి లాక్కుని కొంగు కింద దాచాను.

"అమ్మకి చెప్పేస్తే పోలా?" అన్నాడు.

"ఏమని చెప్పమంటారు? ఆవిడ ఏరి ఇచ్చిన గుడ్లు ఆవిడకే ఆమ్లెట్ వేసి పెట్టానని చెప్పనా? ఎర్రదారాలు చూశానన్నది చెక్కముక్కల్లోనని చెప్పనా? ఇరవయ్యారేళ్ళకి ఒక్కసారి నమ్మి ఇచ్చిందండీ."

ఆయన బుర్ర గోక్కున్నాడు. చివరికి ఇద్దరం కలిసి ఒక పని తలపెట్టాం. ఊరి చివర ఆ రోజే దిగిన కోడిపిల్లల్ని అమ్మే షెడ్డొకటి ఉంది. అక్కడినుంచి పిల్లల్ని తెచ్చి ఇనస్పెక్టరమ్మ కింద దూర్చాలి. మర్నాడు సరిగ్గా ఇరవైయొకటో రోజు. అత్తయ్య మధ్యాహ్నం భోంచేసి గంటన్నర పడుకుంటుంది. ఆ గంటన్నరలో అంతా అయిపోవాలి.

"పదకొండు తెస్తాను" అన్నాడు ఆయన.

"తొమ్మిది చాలు. పదకొండుకి పదకొండూ దిగితే ఆవిడ నమ్మదు. అన్నీ పసుపువి తేకండి, కలగాపులగంగా తెండి. మన పుంజు ఎరుపు, పెట్టలు నాలుగు రకాలు."

తప్పుడు పని చేసేటప్పుడు నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ చురుకు ఏడో రోజు ఎక్కడికి పోయిందో.

మర్నాడు ఆయన చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. అత్తయ్య గదిలోంచి గురక వినిపిస్తోంది. గంప ఉన్న మూల చుట్టూ గోనెపట్టాలు కట్టి చీకటి చేశాను. ఇదీ ఆవిడ నేర్పిందే. పరాయి పిల్లని పెట్ట కిందికి తోసేటప్పుడు వెలుతురుండకూడదు. అన్నీ ఒకేసారి తొయ్యకూడదు. ముందు ఒకటి తోసి, పెట్ట గొంతు వినాలి. గొంతు మారితే సరే. మారకపోతే ఆ పిల్లని వెంటనే తీసెయ్యాలి, లేకపోతే పొడిచి చంపేస్తుంది.

ఒక చేత్తో రెండు చెక్కగుడ్లు తీశాను. రెండో చేత్తో నల్లటి పిల్లనొకదాన్ని దాని పొట్టకింద పెట్టాను. ఇనస్పెక్టరమ్మ గుర్రుమంది. నా మణికట్టు మీద పొడిచింది, చురుక్కుమని రక్తం వచ్చింది. చెయ్యి తియ్యలేదు. పిల్ల లోపల కిచకిచమంటూ కదిలి, రెక్క సందులోంచి తల బయటపెట్టింది. ఇనస్పెక్టరమ్మ మెడ తిప్పి దాన్ని చూసింది. ముక్కు దించి తలమీద ఒక్కటి తాటించింది. పిల్ల కుయ్యిమని లోపలికి దూరింది.

"తీసెయ్, తీసెయ్" అన్నాడు మా ఆయన వెనకనుంచి.

"ఉండండి" అన్నాను. నా జన్మలో నేను ఓపిక పట్టింది అప్పుడే.

ఎంతసేపో తెలీదు. ఇనస్పెక్టరమ్మ అలా తల పక్కకి వాల్చి వింటోంది. లోపల పిల్ల మళ్ళీ కిచమంది. అప్పుడు దాని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. గుర్రు కాదు, మూలుగు కాదు. కొక్, కొక్, కొక్ అని మెత్తగా, లోపల్లోపలే. ఈ ఇరవై ఒక్క రోజుల్లో అది ఒక్కసారి కూడా చెయ్యని చప్పుడది. రెక్క కొంచెం ఎత్తింది, ఇంకా ఎవరున్నారు రండి అన్నట్టు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన పెట్టెలోంచి ఒక్కొక్కటే అందిస్తుంటే ఏడుస్తూనే దూర్చాను. తొమ్మిదింటినీ తీసుకుంది. మిగిలిన చెక్కగుడ్లన్నీ లాగేసి ఆయన సంచిలో వేశాను.

అత్తయ్య లేచి, మొహం కడుక్కుని, కర్ర పట్టుకుని వచ్చేసరికి గోనెపట్టాలు విప్పేశాం, గంప పక్కన ఆవిడ కోసం కుర్చీ వేశాం. కూర్చుని ముందుకి వంగింది. ఇనస్పెక్టరమ్మ రెక్కల్లోంచి ఒకటి తల పెట్టింది, వీపుమీద ఇంకోటి ఎక్కింది. ఆవిడ మొహం చూడాలి! ఆ ముడతలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

"తొమ్మిది" అంది లెక్కపెట్టి. "బాగుంది. దిట్టంగా ఉన్నాయి." ఇంకాసేపు చూసింది. కర్ర చివరతో గంపలో చెక్కపొట్టు అటూ ఇటూ కదిపింది.

"పెంకులేవమ్మాయ్?"

పిల్లల రంగులు ఆలోచించాం, లెక్క ఆలోచించాం, పెంకుల మాటే మరిచిపోయాం. గుడ్లు పగిలి పిల్లలు దిగితే గంపనిండా పెంకులుండాలి. ఊడ్చి పారేశానని నోటిదాకా వచ్చింది. ఈ ఇంట్లో పెంకు పారెయ్యడం ఉండదు, నలిపి పెట్టలకే పెడతాం. అయినా సరే ఏదో ఒకటి అల్లగలను, నా నోటి సంగతి మీకు చెప్పానుగా. కానీ ఇనస్పెక్టరమ్మ అక్కడే ఉంది. కొక్ కొక్ అంటూ, అరిగిపోయిన ఒళ్ళుతో, తనే కన్నానన్నంత ధీమాగా కూర్చుంది. దాన్ని మోసం చేసిన చేత్తోనే ఈవిడనీ మోసం చెయ్యడం నావల్ల కాలేదు.

"పెంకులు లేవత్తయ్యా. గుడ్లే లేవు" అన్నాను. మొత్తం చెప్పేశాను. నర్సమ్మ కేక, రెండు గిన్నెలు, ఆమ్లెట్లు, షెడ్డు. ఆఖరికి అసలుది కూడా చెప్పాను. "ఏడో రోజు నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్తయ్య సంచిలోంచి ఒక చెక్కగుడ్డు తెప్పించుకుని, అరిచేతిలో దొర్లిస్తూ కూర్చుంది.

"నేనైతే పెంకులు కూడా తెచ్చాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

"నేను కాపరానికొచ్చిన ఏడాది. మా అత్త నాకు తొమ్మిది గుడ్లిచ్చింది. ఏడో రోజు బద్ధకించి చూడలేదు. చూశానని చెప్పాను. తొమ్మిదీ మురిగిపోయాయి. వెనక వీధిలో ఒకావిడకి అదే రోజు పిల్లలు దిగితే, కాళ్ళావేళ్ళా పడి ఆరు తెచ్చి పెట్ట కింద దూర్చాను. అనుమానం రాకూడదని ఆవిడ దగ్గర పెంకులు కూడా ఒళ్ళో వేసుకుని తెచ్చాను."

"మీ అత్తగారు కనిపెట్టారా?"

"లేదు. పోయేదాకా నా చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకుంది. ఆవిడ చెప్పినప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు." చెక్కగుడ్డు నా ఒళ్ళో పెట్టింది. "ఏడో రోజు, ఏడో రోజని నీ ప్రాణం తీసింది అందుకేనమ్మాయ్. నేను చెప్పలేకపోయాను. నువ్వు చెప్పావు. గూడు నీది."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. నాకు అలా కావడం అదే మొదటిసారి అని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

ఇనస్పెక్టరమ్మ లేచింది. తొమ్మిదింటినీ వెంటేసుకుని నాలుగడుగుల దూరంలో ఉన్న నీళ్ళ దగ్గరికి నడిచి, ముక్కు ముంచి చూపించింది. అత్తయ్య కర్ర ఊతంగా లేవబోతూ కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, ముందు ఆ చెక్కగుడ్లకి నీలం రంగు వెయ్యి. కోడికి ఏ రంగైనా ఒకటే."

అంత పనితనం నీలం రంగు కింద పోతుందని ఆయన ఆ రోజంతా మొహం వేలాడేసుకునే ఉన్నాడు. రంగు మాత్రం మర్నాడే వేశాడు.